పాత ఓమ్నీలో ఎయిర్ లాక్: గాలి తీసే పద్ధతి, అది మళ్ళీ దూరే దారి

మీరు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. బండి 2008 మోడల్ ఓమ్నీ, ఎల్‌పీజీ కిట్ ఉంది. విశాఖలో మధురవాడ నుంచి పూర్ణా మార్కెట్‌కి రోజూ సరుకు తిప్పుతున్నారు. ఈ మధ్య ఆటోనగర్‌లో ఒక షెడ్డులో వాటర్ పంప్, దాంతో పాటు ఒక హోస్ మార్పించారు. అప్పటి నుంచి ఊళ్ళో బాగానే నడుస్తోంది గానీ సింహాచలం కొండ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఒక్కోసారి ఉన్నట్టుండి కిందకి పడిపోతోంది. రిజర్వ్ బాటిల్ చూస్తే నిండుగానే ఉంటోంది. ఎయిర్ లాక్ అయిందని, అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళ దారిలో గాలి ఇరుక్కుందని, థర్మోస్టాట్ (వేడిని బట్టి ఆ నీళ్ళ దారిని తెరిచి మూసే వాల్వు) పీకేస్తే సరిపోతుందని మెకానిక్ అన్నాడు. పీకించాలా, గాలి మీరే తీసుకోవచ్చా, వచ్చే వారం పిల్లలతో అరకు వెళ్ళొచ్చా అని అడిగారు.

థర్మోస్టాట్ పీకించకండి. గాలి మీరే తీసుకోవచ్చు, ఖరీదైన పనిముట్లేమీ అక్కర్లేదు, ఒక పూట ఓపిక ఉంటే చాలు. అరకు సంగతి మాత్రం గాలి తీసిన తర్వాత వరసగా కొన్ని రోజులు ఉదయాన్నే మూత తీసి చూశాకే తేల్చుకోండి. ఎందుకంటే గాలి తీయడం సగం పనే. తీసిన గాలి మళ్ళీ వస్తోందా, వస్తే ఎక్కడి నుంచి వస్తోంది అన్నది మిగతా సగం. చాలా షెడ్లలో మొదటి సగం చేసి బండి ఇచ్చేస్తారు. రెండు వారాలకి బండి మళ్ళీ అదే షెడ్డుకి వస్తుంది.

ముందు ఆ ముల్లు సంగతి చెప్తాను, అన్నిటికన్నా ప్రమాదం అదే. టెంపరేచర్ సెన్సార్ నీళ్ళలో మునిగి ఉన్నప్పుడే నిజం చెప్తుంది. దాని చుట్టూ గాలో ఆవిరో చేరితే వేడి సరిగా అందదు, ముల్లు కిందకి వచ్చేస్తుంది. చూసేవాళ్ళకి బండి చల్లబడినట్టు ఉంటుంది. లోపల మాత్రం హెడ్, అంటే ఇంజన్ పై భాగం, కాలిపోతూ ఉంటుంది. ఘాట్ ఎక్కుతుండగా ముల్లు పైకి వెళ్ళి, మీరు ఆపకుండానే టక్కున పడిపోయిందంటే హమ్మయ్య అనుకోకండి. వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. ఓమ్నీ హెడ్ అల్యూమినియం. ఆ స్థితిలో ఇంకో రెండు కిలోమీటర్లు లాగితే హెడ్ వంగుతుంది. అప్పుడు ఖర్చు వందల్లో ఉండదు, వేలల్లోకి పోతుంది.

కార్లలో అంతగా రాని ఈ గాలి బాధ వ్యాన్లలోనే ఎందుకు ఎక్కువంటే, బండి నిర్మాణం అలాంటిది. 1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చి, 1988లో ఓమ్నీ అయి, 2019 వరకు తయారైన ఈ బండిలో 796 సీసీ ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. రేడియేటర్ ఏమో ముందు భాగంలో ఉంటుంది. మధ్యలో హోసులు, పైపులు పొడుగ్గా వెళ్ళాలి. మామూలు కారులో ఇంజన్‌కీ రేడియేటర్‌కీ జానెడు బెత్తెడు దూరం, హోస్ పొట్టిది, గాలి దానంతటదే పైకి వచ్చేస్తుంది. ఇక్కడ పైపు ఎక్కడ కాస్త ఎత్తుగా వంగినా ఆ మెలికలో గాలి కూర్చుంటుంది. వాటర్ పంప్ రెక్కలు నీటిని తోస్తాయి గానీ గాలిని తోయలేవు. పంపు దగ్గరే గాలి చేరితే రెక్క ఊరికే తిరుగుతుంది, నీళ్ళు కదలవు. ఊళ్ళో నిదానంగా వెళ్ళేటప్పుడు పుట్టే వేడి తక్కువ కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. సింహాచలం ఘాట్‌లో సెకండ్ గేరులో లోడుతో ఎక్కేసరికి గుట్టు బయటపడుతుంది.

మీ మెకానిక్ పంప్ మార్చినప్పుడు పాత నీళ్ళన్నీ తీసేసి ఉంటాడు. తర్వాత పై నుంచి నింపి, పొంగగానే మూత పెట్టేసి ఉంటాడు. మూత దాకా నీళ్ళు కనిపించినంత మాత్రాన లోపలంతా నిండినట్టు కాదు. దీనికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. నీళ్ళు తీసేటప్పుడు బకెట్‌లో పట్టి ఎన్ని లీటర్లు వచ్చాయో కొలవండి. తిరిగి నింపేటప్పుడు అంతకన్నా తక్కువే పట్టిందంటే, తేడా ఎంత ఉందో అంత గాలి లోపల ఉన్నట్టే. ఈ కొలత వేసుకునే మెకానిక్ దొరికితే వదులుకోకండి.

ఇక పద్ధతి. దీనికంతా మూలసూత్రం ఒక్కటే: ఏ మూత తీసి నీళ్ళు పోస్తామో ఆ మూత మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి. గాలి పైకే పోతుంది, పోయే దారి పైన ఉండాలి. బండి ముందు భాగం లేపాలా వెనక భాగం లేపాలా అని అందరూ అడుగుతారు. మూత ఏ వైపు ఉంటే ఆ వైపు లేపాలి. మూత రేడియేటర్ మీదే ఉన్న బండికి ముందు భాగం పైకి ఉండాలి. ఇంజన్ పక్కన మెడ లాంటి పైపు మీద ఉన్న బండికి, ఆ మెడ ఎటు వైపు ఎత్తయితే అటు. బండి పక్కన కూర్చుని హోసులు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో చేత్తో తడుముతూ ఒకసారి చూసుకోండి, ఆ పది నిమిషాలు దండగ కాదు.

విశాఖలో ఉన్నందుకు మనకి ఒక సుఖం ఉంది, జాకీ లేకుండానే వాలు దొరుకుతుంది. బీచ్ రోడ్డు నుంచి పైకెక్కే సందుల్లో, సిరిపురం, చినవాల్తేరు వైపు, మీ మధురవాడ కొండ కాలనీల్లో కావలసినంత ఏటవాలు. రద్దీ లేని చోట, మూత వైపు పైకి ఉండేలా ఆపండి. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి, దిగువ వైపు చక్రాలకి పెద్ద రాళ్ళో ఇటుకలో అడ్డం పెట్టండి. ఇంజన్ న్యూట్రల్‌లో నడవాలి కాబట్టి గేరు మీద ఆధారపడలేం, ఆ రాళ్ళే మీకు ఆధారం. జాకీ పెట్టి లేపితే మాత్రం కింద స్టాండు వేయకుండా బండి దగ్గర వంగొద్దు. ఇంజన్ నడిపే పని కాబట్టి షట్టర్ మూసిన గ్యారేజీలో చేయొద్దు, పొగ ప్రాణం తీస్తుంది.

ఇదంతా ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, రాత్రంతా ఆపిన బండి అయితే మంచిది. వేడి బండి మూత తీయడం ఎంత ప్రమాదమో అందరికీ తెలుసు, అయినా ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు చెయ్యి కాల్చుకుంటారు. మూత బిగించి ఉన్నంతసేపూ లోపల నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగవు, ఒత్తిడి వాటిని పట్టి ఉంచుతుంది. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి, నీళ్ళు ఒక్కసారిగా మరిగి ఆవిరితో పాటు మొహం మీదకి లేస్తాయి. ఓమ్నీలో ఇంకో ప్రమాదం, ఇంజన్ సీటు కిందే ఉంది. సీటు లేపి పని చేస్తుంటే హోస్ వదిలితే ఆవిరి నేరుగా క్యాబిన్‌లోకే వస్తుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

మూత తీసి, నోటికి బిగుతుగా పట్టే గరాటు పెట్టండి. గరాటు లేకపోతే లీటరు వాటర్ బాటిల్ అడుగు కోసి తలకిందులుగా బిగించండి, సందు ఉంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. గరాటులో సగం దాకా కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, నీళ్ళు అంటున్నదీ దీన్నే) ఎప్పుడూ నిలబడి ఉండాలి. దీనివల్ల రెండు లాభాలు. నీటి మట్టం బండిలోని ఏ మెలికకన్నా ఇంకాస్త ఎత్తుకి వస్తుంది. గాలి గుడగుడమని బయటికి వచ్చినప్పుడు దాని చోటులోకి వెంటనే నీళ్ళే దిగుతాయి, మళ్ళీ గాలి దూరదు.

పోసేటప్పుడు సన్నటి ధారగా, ఆగి ఆగి పోయండి. బకెట్ ఎత్తి కుమ్మరిస్తే నీళ్ళే గాలి దారికి అడ్డం పడతాయి. పోస్తూ మధ్యమధ్యలో పై హోస్‌ని, కింద హోస్‌ని చేత్తో నొక్కి వదలండి. నొక్కినప్పుడు గరాటులో బుడగలు లేస్తాయి, వదిలినప్పుడు మట్టం దిగుతుంది. ఇక్కడ చేతికి తెలిసేది చాలా ఉంది. నీళ్ళు నిండిన హోస్ నొక్కితే బరువుగా, నిదానంగా లోపలికి పోతుంది. గాలి ఉన్న హోస్ తేలిగ్గా నొక్కుకుపోతుంది, లోపల కలకలమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు పోయేదాకా నొక్కుతూనే ఉండండి. మీ బండి గొట్టాల్లో ఎక్కడైనా బ్లీడర్ స్క్రూ (గాలి వదలడానికి పెట్టిన స్క్రూ) ఉంటే దాన్ని రెండు మరలు వదులు చేసి, నురుగు పోయి నీళ్ళు ధారగా వచ్చాక బిగించండి. స్క్రూ లేకపోతే అన్నిటికన్నా ఎత్తులో ఉన్న హోస్ క్లిప్ వదులు చేసి, హోస్ అంచుని కాస్త లేపి పట్టుకున్నా అదే పని అవుతుంది. ఇది చల్లటి ఇంజన్ మీద మాత్రమే. క్యాబిన్ హీటర్ బిగించి ఉన్న బండి అయితే దాని కంట్రోల్‌ని పూర్తిగా వేడి వైపు తిప్పి ఉంచండి, అలా తిప్పకపోతే హీటర్ లోపలి గాలి బయటికి రాదు.

మీ బండిలో మర్చిపోకూడనిది ఎల్‌పీజీ కిట్. సిలిండర్ నుంచి వచ్చిన ద్రవం రెడ్యూసర్‌లో గ్యాస్‌గా మారేటప్పుడు చుట్టూ ఉన్న వేడినంతా లాగేసుకుంటుంది. అది గడ్డకట్టకుండా ఇంజన్ వేడినీళ్ళని రెండు సన్న హోసుల ద్వారా రెడ్యూసర్ గుండా తిప్పుతారు. మెయిన్ హోసులన్నీ నిండినా ఈ సన్న హోసుల్లో గాలి మిగిలిపోతుంది. మీరు చూడవలసింది ఇదీ: బండి వేడెక్కి గ్యాస్ మీద పది నిమిషాలు నడిచాక రెడ్యూసర్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉండాలి. మన వైజాగ్ ఎండలో, ఉక్కపోతలో దాని మీద తెల్లటి మంచు పొర కనిపిస్తే అందులో వేడినీళ్ళు తిరగడం లేదన్నమాట. కూలింగ్‌లో గాలి ఉందని ముల్లు కన్నా ముందు అదే చెప్తుంది. అలాంటప్పుడు ఇంజన్ చల్లబడ్డాక రెడ్యూసర్ దగ్గరి హోస్‌ని వదులు చేసి, నీళ్ళు రాగానే బిగించండి. నీళ్ళ హోస్ ఏదో గ్యాస్ పైపు ఏదో ఖాయంగా తెలిస్తేనే ముట్టుకోండి. ఏమాత్రం అనుమానం ఉన్నా కిట్ మెకానిక్‌నే పిలవండి. కిట్ బిగించేటప్పుడు రెడ్యూసర్‌ని రేడియేటర్ నీటి మట్టం కన్నా కింద ఉండేలా పెట్టాలి, ఎత్తులో బిగించిన బండికి గాలి ఎన్నిసార్లు తీసినా మళ్ళీ అక్కడే చేరుతుంది. అది కూడా ఒకసారి చూసుకోండి.

హోసులు నిండాక, గరాటు అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెట్రోల్ మీదే నడపండి. మొదట కొన్ని బుడగలు వస్తాయి, తర్వాత చాలాసేపు ఏమీ జరగనట్టు ఉంటుంది. థర్మోస్టాట్ తెరుచుకునే దాకా, అంటే ఇంచుమించు 82 డిగ్రీల దాకా, రేడియేటర్ వైపు నీళ్ళు పెద్దగా కదలవు. ఈలోగా పై హోస్ మీద అప్పుడప్పుడూ చెయ్యి వేసి చూస్తూ ఉండండి. చల్లగా ఉన్న హోస్ ఒక నిమిషంలోనే చెయ్యి పెట్టలేనంత వేడెక్కిపోతుంది. అదే థర్మోస్టాట్ తెరుచుకున్న క్షణం. సరిగ్గా అప్పుడే గరాటులో మట్టం గబుక్కున దిగుతుంది, పెద్ద బుడగలు తన్నుకొస్తాయి. సిద్ధంగా కూలెంట్ పెట్టుకుని ఉండండి, గరాటు ఖాళీ కానివ్వొద్దు.

తర్వాత ఎవరినైనా యాక్సిలరేటర్ దగ్గర కూర్చోబెట్టి, ఇంజన్‌ని ఐడ్లింగ్‌కి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ, అంటే సుమారు 2,000 ఆర్‌పీఎం దగ్గర అరనిమిషం పట్టి ఉంచి వదలమనండి. మీ బండికి ఆర్‌పీఎం మీటర్ ఉండదు కాబట్టి చెవితోనే. పట్టినప్పుడు నీటి మట్టం దిగుతుంది, వదలగానే పైకి ఉబుకుతుంది. మొహం దూరంగా పెట్టుకోండి. ఇలా మార్చి మార్చి చేస్తే మెలికల్లో కూర్చున్న గాలి కదులుతుంది. బుడగలు ఆగాలి, రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే ఆన్ అయి ఆఫ్ కావాలి, మళ్ళీ ఒకసారి ఆన్ కావాలి. రెండుసార్లు ఫ్యాన్ తిరిగిందంటే వేడినీళ్ళు రేడియేటర్ దాకా వచ్చి చల్లబడి వెనక్కి వెళ్తున్నాయని నమ్మొచ్చు. ముల్లు ఎక్కుతున్నా పై హోస్ చల్లగానే ఉంటే ఇంకా గాలి ఉందనో, థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదనో అర్థం. ఇంజన్ ఆపి, చల్లార్చి, మళ్ళీ మొదటి నుంచి చేయాలి. తొందరపడి ఇంకాస్త రేజ్ చేస్తే పోతుందిలే అనుకోవద్దు.

ఇంజన్ ఆపి, మట్టం నిలకడగా ఉన్నాక, గరాటు తీసి నోటి అంచు దాకా నింపి మూత పూర్తిగా బిగించండి. రిజర్వ్ బాటిల్‌ని లో, ఫుల్ గీతల మధ్య నింపండి. బండిని సమంగా ఉన్న చోట పెట్టి రాత్రంతా వదిలేయండి.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. అసలు పరీక్ష మర్నాడు ఉదయం. వేడెక్కినప్పుడు నీళ్ళు వ్యాకోచించి మూతలోని పెద్ద స్ప్రింగుని తోసుకుని రిజర్వ్ బాటిల్‌లోకి పోతాయి, వాటితో పాటు మిగిలిన గాలీ పోతుంది. రాత్రి చల్లబడ్డప్పుడు లోపల వాక్యూమ్ పుట్టి, మూత మధ్యలో ఉన్న చిన్న వాల్వు తెరుచుకుని, బాటిల్‌లోని నీళ్ళు వెనక్కి వస్తాయి. ఇలా రోజూ కాస్త గాలి పోతుంది, ఆ చోటులోకి కాస్త నీళ్ళు వస్తాయి. కాబట్టి మొదటి రెండు మూడు రోజులు బాటిల్ మట్టం దిగడం మంచి గుర్తే. ఉదయం చల్లటి బండికి మూత తీసి చూడండి, నీళ్ళు అంచు దాకా ఉండాలి. రెండు మూడు రోజుల తర్వాత బాటిల్ దిగడం ఆగాలి, మూత కింద ఎప్పుడు చూసినా నిండుగా ఉండాలి.

ఇప్పుడు మీరు రాసిన మాటకి వస్తాను. రిజర్వ్ బాటిల్ నిండుగానే ఉంటోందన్నారు. అది నాకు ధైర్యం ఇచ్చే మాట కాదు, పైగా అనుమానం పెంచే మాట. గాలి ఉన్న బండికి బాటిల్ దిగాలి. దిగడం లేదంటే బాటిల్‌లోని నీళ్ళు వెనక్కి రావడం లేదు, వాటి బదులు గాలి లోపలికి వస్తోంది. బాటిల్ నిండుగా ఉండి మూత కింద ఖాళీగా ఉన్న బండ్లు ఎన్నో ఉంటాయి. బాటిల్ చూసి తృప్తిపడటం వల్లే సగం ఇంజన్లు పోతాయని నా అభిప్రాయం.

ఈ దారిలో చెడేవి రెండే, రెండూ చవకైనవి. ఒకటి మూత. తీసి తిప్పి చూడండి. మధ్యలో చిన్న బిళ్ళ ఉంటుంది, గోటితో లాగి వదిలితే తిరిగి కూర్చోవాలి. దాని చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడి పగుళ్ళు వచ్చినా, బిళ్ళ తుప్పుతో బిగుసుకున్నా మూత మార్చేయండి. కొత్తది కొనేటప్పుడు పాత మూత మీద రాసి ఉన్న ప్రెషర్ అంకె చూసి అదే కొనండి. జపాన్ తరహా చిన్న బండ్లకి ఎక్కువగా 0.9 ఉంటుంది. పెద్ద అంకె ఉంటే ఇంకా బాగా పని చేస్తుందనుకుని 1.1 వేస్తే పాత హోసులు, పాత రేడియేటర్ ఆ ఒత్తిడి తట్టుకోవు. రెండోది, మూత దగ్గర నుంచి బాటిల్‌కి వెళ్ళే సన్న ట్యూబు. దాని కొస బాటిల్‌లో నీటిలో మునిగి ఉండాలి. పగిలినా, నిపుల్ దగ్గర వదులైనా, చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరి నీళ్ళు తాగినట్టు, పీల్చినదంతా గాలే. ట్యూబు ఊడదీసి ఒక కొస నీళ్ళ మగ్గులో ముంచి, రెండో కొస కడిగి ఊది చూడండి. మధ్యలో ఎక్కడైనా గాలి తగిలితే కొత్త ట్యూబు వేయండి. పంప్ మార్చేటప్పుడు ఈ ట్యూబుని లాగి పక్కన పడేసి, మళ్ళీ సరిగ్గా తొడగకపోవడం ఆటోనగర్‌లోనే కాదు, ఎక్కడైనా జరిగేదే.

ఆ రెండూ బాగున్నా గాలి వస్తూనే ఉంటే పంప్ చూడండి. కొత్త పంపే అయినా, దాని కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ తడి గానీ ఎండిపోయిన రంగు మరక గానీ ఉంటే సీల్ కారుతోంది. పంప్ గ్యాస్కెట్ దగ్గరా, క్లిప్పుల దగ్గరా ఉప్పు పేరినట్టు మరకలు ఉన్నాయేమో చూడండి. వేడి మీద ఆ నీళ్ళు ఆవిరైపోతాయి కాబట్టి బండి కింద చుక్క కనిపించదు. చల్లటి బండి మీదే వెతకాలి.

అన్నిటికన్నా చేదు అవకాశం హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్‌కీ దాని కింది ఇంజన్ భాగానికీ మధ్య ఉండే సీలు. గ్యాస్కెట్ ఇంజన్ సిలిండర్‌కీ నీటి దారికీ మధ్య కాలిపోతే, మంట గ్యాసులే కూలింగ్‌లోకి వస్తాయి. ఎంత తీసినా గాలి తయారవుతూనే ఉంటుంది. బుడగల తీరు చూస్తే తేడా తెలుస్తుంది. నింపేటప్పుడు మిగిలిన గాలి పెద్ద పెద్ద బుడగలుగా, ఒక లెక్క లేకుండా వచ్చి ఆగిపోతుంది. గ్యాస్కెట్ నుంచి వచ్చేది సన్నగా, వరసగా, ఆగకుండా వస్తుంది, రేజ్ చేస్తే ఎక్కువవుతుంది. ఉదయం చల్లటి బండి మూత తీసి స్టార్ట్ చేయగానే, ఇంకా వేడెక్కకుండానే బుడగలు వరస కడితే అనుమానం గట్టిది. మూత బిగించి స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా బిగుసుకున్నా అంతే. ఆయిల్ మూత కింద మీగడ లాంటి తెల్లని జిగురు, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ కూడా గుర్తులే, కానీ అవి లేనంత మాత్రాన గ్యాస్కెట్ బాగుందని కాదు. ఖాయం చేసుకోవాలంటే మూత దగ్గర గ్యాస్ పరీక్ష చేస్తారు, అందులో వాడే నీలి ద్రవం మంట గ్యాసు తగిలితే పసుపు రంగుకి తిరుగుతుంది. కొన్ని నిమిషాల పని. హెడ్ విప్పుతానన్న మెకానిక్‌ని ముందు ఈ పరీక్ష చేయమనండి. మీ బండి ఇప్పటికే ఒకటి రెండుసార్లు బాగా వేడెక్కింది కాబట్టి ఇది వదిలేయకూడదు.

థర్మోస్టాట్ ఎందుకు పీకొద్దంటున్నానో చెప్తాను. మన ఊళ్ళో చలి లేదు, అది ఎందుకు అని చాలామంది అంటారు. థర్మోస్టాట్ ఉన్నది చలి కోసం కాదు, ఇంజన్‌ని దాని వేడిలో ఉంచడం కోసం. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, మీలాగా ఊళ్ళో ఆగుతూ ఆగుతూ తిప్పేవాళ్ళకి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో చెమ్మ చేరుతుంది, ఇంజన్ అరుగుతుంది. ఎల్‌పీజీ రెడ్యూసర్‌కి కావలసిన వేడి కూడా ఆలస్యంగా అందుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, లోపల ఉన్న అసలు తప్పుని కొన్నాళ్ళు కప్పిపెడుతుంది. థర్మోస్టాట్ చెడిందేమో అనిపిస్తే బయటికి తీసి గిన్నెలో నీళ్ళు పోసి స్టౌ మీద పెట్టి చూడండి. నీళ్ళు మరగక ముందే అది తెరుచుకోవాలి, చల్లారితే మూసుకోవాలి. పని చేయకపోతే కొత్తది వేయండి. వేసేటప్పుడు దాని అంచున చిన్న రంధ్రమో, అందులో ఊగులాడే పిన్నో ఉంటే అది పైవైపుకి ఉండాలి. గాలి దాటిపోవడానికే ఆ రంధ్రం. దాన్ని కిందకి పెట్టి బిగిస్తే థర్మోస్టాట్ వెనక గాలి నిలిచి, వేడినీళ్ళు దాన్ని తాకక, తెరుచుకోవలసినప్పుడు తెరుచుకోదు. మీ మెకానిక్ పంప్ పనిలో థర్మోస్టాట్ కూడా విప్పి ఉంటే ఇది అడగండి.

ఏం పోయాలన్నది తేలికైన ప్రశ్నే. డిస్టిల్డ్ వాటర్, ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్. మనకి గడ్డకట్టే చలి లేదు కాబట్టి 30 శాతం కూలెంట్ చాలు, సగం సగం దాటించొద్దు. చిక్కగా పోస్తే చల్లబరిచే శక్తి పెరగదు, తగ్గుతుంది. రెడీమిక్స్ డబ్బా కొంటే అందులో మళ్ళీ నీళ్ళు కలపకండి. వేరే రంగు, వేరే రకం కూలెంట్లు ఒకదాంట్లో ఒకటి కలపొద్దు. తాటిపూడి నుంచి వచ్చే కుళాయి నీళ్ళయినా, మీ కాలనీ బోరు నీళ్ళయినా పోయకండి. ముఖ్యంగా సముద్రం దగ్గరి బోర్లలో ఉప్పు ఉంటుంది, అది అల్యూమినియం హెడ్‌ని గుంటలు పడేలా తినేస్తుంది. గాలి ఉన్న వ్యవస్థలో ఈ తినడం ఇంకా వేగం, ఎందుకంటే తుప్పుకి కావలసిన ఆక్సిజన్ అందులోనే ఉంది. బయట వైపు కూడా ఉప్పుగాలి పని చేస్తుంది. బీచ్ వైపు తిరిగే బండ్ల రేడియేటర్ రెక్కలు చూడండి, వేలితో రుద్దితే పొడిపొడిగా రాలతాయి. అలా ఉంటే నీళ్ళు ఎంత బాగా తిరిగినా వేడి బయటికి పోదు, రేడియేటరే మార్చుకోవాలి.

పెద్ద వర్క్‌షాపుల్లో కంప్రెసర్‌తో లోపలి గాలంతా ముందే లాగేసి, ఆ వాక్యూమ్‌తోనే కూలెంట్ పీల్పించే పనిముట్టు ఉంటుంది. దొరికితే అది మంచి పద్ధతే, పైగా వాక్యూమ్ నిలవకపోతే లీకు ఉన్నట్టు అప్పుడే తెలిసిపోతుంది. ఒక మాట గుర్తుంచుకోండి, పాత మెత్తబడ్డ హోసులు ఆ వాక్యూమ్‌కి మరీ నలిగిపోతే వాటిని మార్చుకోవాలి.

అరకు గురించి. ముందు ఖాళీ బండితో సింహాచలం ఎక్కి దిగండి, తర్వాత మీ మామూలు లోడుతో. ముల్లు కదలకుండా నిలబడి, మర్నాడు ఉదయం మూత కింద నీళ్ళు అంచు దాకా ఉంటే వెళ్ళొచ్చు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ సింహాచలంలా కాసేపట్లో అయిపోదు, బండి చాలాసేపు తక్కువ గేరులో మోతెక్కుతూనే ఉంటుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్ళు మరిగే వేడి కూడా ఇంచుమించు 3 డిగ్రీలు తగ్గుతుంది. మూత ఒత్తిడి నిలబెడుతున్నంత వరకు అది లెక్కలోకి రాదు, మూత కారిందంటే వస్తుంది. దారిలో ముల్లు ఎక్కితే ఏసీ ఉంటే ఆపి, నీడలో నిలిపి, ఆవిరి లేకపోతే కాసేపు ఐడ్లింగ్‌లో వదిలి ఫ్యాన్ తిరగనివ్వండి. ఆవిరి వస్తే ఇంజన్ ఆపి, అందరినీ దింపి, కనీసం ముప్పావు గంట మూత జోలికి వెళ్ళొద్దు. కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్ళు పోస్తే హెడ్ పగులుతుంది. గ్యాస్కెట్ పరీక్షలో ఏ కాస్త అనుమానం మిగిలినా పిల్లల్ని రైల్లో తీసుకెళ్ళండి, కిరండూల్ పాసింజర్ ఆ ఘాట్‌లోంచే పోతుంది, కిటికీ దగ్గర కూర్చుంటే వాళ్ళకీ సరదా.

ఇంకొకటి, బకెట్‌లోకి తీసిన పాత కూలెంట్ సంగతి. అది తియ్యగా ఉంటుంది, విషం. వీధిలో ఆవులు, కుక్కలు ఆ బకెట్‌లో మూతి పెడతాయి, పిల్లలు రంగు చూసి చెయ్యి పెడతారు. కాలవలో పారబోయకుండా డబ్బాలో పోసి మూత బిగించి, మీద పేరు రాసి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డులో ఇచ్చేయండి. కింద పడ్డదాన్ని నీళ్ళతో బాగా కడిగేయండి.